కాళోజీ గారి మూడు ఎన్నికలు

ఏటా సెప్టెంబరు 9 వస్తే మన వసతి గృహంలో కాళోజీ ఫొటోకు దండ వేస్తాం. తెలంగాణ వచ్చినప్పటి నుంచి ఆ రోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం కాబట్టి ఉపన్యాసాలు కూడా ఉంటాయి. మేము ఈ హాస్టల్లో చదువుకున్న రోజుల్లో ఉపన్యాసాలు ఇచ్చాం, ఇప్పుడు పూర్వ విద్యార్థులుగా వచ్చి వింటున్నాం. అందరం చెప్పేది ఒకటే. ప్రజాకవి, నా గొడవ రాశారు, పద్మవిభూషణ్ వచ్చింది. మధ్యలో ఎవరో ఒకరు శాసనమండలి సభ్యుడిగా కూడా పనిచేశారని ఒక్క ముక్క చదివి ముందుకు పోతారు. పోయినసారి తొమ్మిదో తరగతి తమ్ముడొకడు సభ అయ్యాక మమ్మల్ని ఆపి, అన్నా, శాసనమండలి అంటే అసెంబ్లీయేనా, వేరేనా, అందులో కాళోజీ ఏం చేశాడు అని అడిగాడు. మాలో డిగ్రీలు, పీజీలు చేసినవాళ్లం నలుగురం ఉన్నాం. ఒక్కరం కూడా సరిగ్గా చెప్పలేకపోయాం. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచి చెప్పాలని అప్పుడే అనుకున్నాం.

కాళోజీ నారాయణరావు 1914 సెప్టెంబరు 9న ఇప్పటి కర్ణాటకలోని బీజాపూర్ జిల్లా రట్టిహళ్లి గ్రామంలో పుట్టారు. తల్లి రమాబాయమ్మ కన్నడిగురాలు, తండ్రి రంగారావు మహారాష్ట్రుడు. తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది అన్న రామేశ్వరరావు. ఆయన వకీలు, ఉర్దూలో కవి. కుటుంబం మన పక్కనే ఉన్న మడికొండలో స్థిరపడింది. మడికొండ మీదుగా హైదరాబాదు బస్సులో పోయినప్పుడల్లా ఈ మాట గుర్తు చేసుకోండి. ఇంట్లో మరాఠీ, కన్నడ, బడిలో ఉర్దూ, వీధిలో తెలుగు. ఇన్ని భాషలు వచ్చిన మనిషి రాయడానికి వచ్చేసరికి వీధిలో విన్న తెలుగునే పట్టుకున్నారు. హాస్టల్లో చేరిన మొదటి నెలలో మన ఊరి మాట మాట్లాడితే తోటి పిల్లలు నవ్విన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ నవ్వుకు తలవంచకుండా జీవితాంతం ఊరి మాటలోనే రాసిన మనిషి ఈయన.

చదువు మడికొండ, వరంగల్, హైదరాబాదుల్లో సాగింది. 1939లో హైదరాబాదులో న్యాయశాస్త్ర పట్టా అందుకున్నారు. కానీ నల్లకోటు మీద ఆయన మనసు నిలవలేదు. సంసార భారం చాలావరకు అన్నగారే మోశారు. తమ్ముడు గ్రంథాలయోద్యమం, ఆర్యసమాజం, ఆంధ్ర మహాసభ, స్టేట్ కాంగ్రెసు అంటూ తిరిగాడు. అన్న ఒక్కసారి గట్టిగా మందలించి కోర్టుకు పొమ్మంటే మనకు ఈ కాళోజీ ఉండేవాడు కాదేమో. మన ఇళ్లలో కూడా అన్నలు, అక్కలు కూలికి పోయి తమ్ముళ్లను హాస్టల్లో చదివించినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ సంచికలోనూ రావు. కాళోజీ మాత్రం తన అన్న పేరు చెప్పకుండా తన జీవితం చెప్పుకోలేదు.

నిజాం కాలంలో సభ పెట్టాలన్నా, ఉత్సవం చేయాలన్నా అనుమతి కావాలి. విద్యార్థిగా ఉన్నప్పుడే ఆంక్షలను కాదని వరంగల్‌లో గణపతి ఉత్సవాలు జరిపిన వాళ్లలో ఆయన ఒకరు. తర్వాత వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేసే ప్రయత్నాల్లో ఉన్నందుకు ఆయనకు నగర బహిష్కరణ శిక్ష పడింది. సొంత ఊళ్లో అడుగు పెట్టకూడదన్నమాట. అదే కోటలో 1946 ఆగస్టు 11న జెండా కోసం నిలబడ్డ బత్తిని మొగిలయ్య గౌడ్‌ను రజాకార్లు చంపారు. కాళోజీకి ఆ కాలంలో జైలు కూడా తప్పలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. అప్పటిదాకా ఇక్కడి పేదవాడు పాలించేవాళ్లను ఓటుతో ఎన్నుకున్నది లేదు.

ఆ ఓటు మొదటిసారి వచ్చింది 1952 సాధారణ ఎన్నికల్లో. కాళోజీ వరంగల్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెసు అభ్యర్థి. జెండా కోసం శిక్ష అనుభవించినవాడు, అందరికీ తెలిసిన కవి, పైగా నెహ్రూ పార్టీ. గెలుస్తాడనే ఎవరైనా అనుకుంటారు. గెలవలేదు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందువల్ల ఆ పక్షం వాళ్లు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. ఆ ఫ్రంటు తరఫున పెండ్యాల రాఘవరావు వరంగల్ లోక్‌సభ స్థానాన్ని గెలిచారు. అంతే కాదు, హనుమకొండ, వర్ధన్నపేట అసెంబ్లీ స్థానాలను కూడా అదే ఎన్నికల్లో ఆయనే గెలిచారు. పక్కన నల్గొండలో రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక మెజారిటీ తెచ్చుకున్నారు. భూమి కోసం పోరాడినవాళ్లకు జనం ఓటేశారు. మా అభిప్రాయం అడిగితే, ఆనాడు మన తాతలు వేసిన ఓటు తప్పు కాదు. కాళోజీ కూడా తప్పు మనిషి కాదు. ఒకే సీటుకు ఇద్దరు మంచివాళ్లు పోటీపడితే ఒకరు ఓడక తప్పదు.

ఇక్కడ కాసేపు ఆగి ఒక మాట చెప్పుకోవాలి. ఓటు వేసేది మనమే, కానీ ఓటుకు నిలబడేవాళ్లను ఎంపిక చేసేది ఎవరు? మేము ఎనిమిదో తరగతిలో ఉండగా, అప్పుడు మేమున్న ఒక హాస్టల్లో, మెస్ కమిటీకి ఎన్నిక పెట్టారు. బోర్డు మీద ముగ్గురి పేర్లు అప్పటికే రాసి ఉన్నాయి. రాసింది పెద్ద తరగతుల వాళ్లు. మేము చేతులెత్తడం వరకే. నీళ్ల చారు మీద నోరెత్తేవాడి పేరు ఆ మూడింటిలో లేదు. ఎన్నిక జరిగింది, చారు మారలేదు.

అమెరికాలో దీనికి ప్రైమరీ అనే పద్ధతి ఉంది. అక్కడ 50 రాష్ట్రాల్లో 49 రాష్ట్రాలకు కింది సభతో పాటు సెనేట్ అనే ఎగువ సభ ఉంటుంది. రాష్ట్ర సెనేటర్ కావాలనుకునేవాడు సాధారణంగా ముందుగా తన పార్టీ తరఫు అభ్యర్థి ఎవరో తేల్చే ప్రైమరీలో ఓటర్ల దగ్గర గెలిచి, తర్వాత అసలు ఎన్నికకు వెళ్తాడు. మన దగ్గర ఆ మొదటి మెట్టు లేదు. దాని స్థానంలో టికెట్ ఉంది. అది హైదరాబాదులోనో, ఢిల్లీలోనో ఇస్తారు.

అయితే మన దేశంలో ప్రైమరీ అసలే జరగలేదనుకోవద్దు. జరిగింది, అదీ దళితుల కోసం. 1932 పూనా ఒడంబడికలో ఆ ఏర్పాటు ఉంది. రిజర్వుడు స్థానంలో ముందు దళిత ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురు అభ్యర్థులను ఎంపిక చేయాలి. తర్వాత ఆ నలుగురిలోంచి ఒకరిని అన్ని కులాల ఓటర్లు కలిసి ఎన్నుకోవాలి. బ్రిటిషు పాలనలోని రాష్ట్రాల్లో 1937, 1946 ఎన్నికలు ఈ పద్ధతి మీదనే జరిగాయి. మొదటి మెట్టులో దళితులు ముందు నిలిపిన మనిషి రెండో మెట్టులో ఓడిపోయే వీలుంది. అంబేడ్కర్ ఫిర్యాదు అదే. స్వాతంత్ర్యం వచ్చాక ఆ మొదటి మెట్టును తీసేశారు. నిజాం సంస్థానంలో ఉన్న మన వాళ్లకు ఆ మెట్టు ఎలా ఉంటుందో చూసే అవకాశమే రాలేదు. పాఠ్యపుస్తకంలో పూనా ఒడంబడిక రెండు లైన్లే ఉంటుంది కాబట్టి ఇంత రాశాం, విసుక్కోవద్దు.

మళ్లీ కాళోజీ దగ్గరికి వద్దాం. 1953లో ఆయన నా గొడవ పుస్తకంగా వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. అప్పుడు కాళోజీ తెలుగువాళ్లంతా ఒక్క రాష్ట్రంగా ఉండాలన్న విశాలాంధ్ర పక్షమే. కొత్త రాష్ట్రానికి శాసనసభ ఉంది, ఎగువ సభ లేదు. పాత హైదరాబాదు రాష్ట్రానికీ, కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రానికీ కూడా ఎగువ సభ లేదు. శాసనసభ తీర్మానం చేసింది, పార్లమెంటు చట్టం చేసింది, 1958 జులై 1న 90 మంది సభ్యులతో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడింది. జులై 8న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ దాన్ని ప్రారంభించారు. మొదటి చైర్మన్ మాడపాటి హనుమంతరావు. నిజాం కాలంలో తెలంగాణలో గ్రంథాలయాలు, తెలుగు బడులు పెట్టించిన మాడపాటి చైర్మన్ కుర్చీలో కూర్చుంటే, ఆ ఉద్యమంలోనే పెరిగిన కాళోజీ ఎదుట సభ్యుడిగా కూర్చున్నారు. ఇది ఆయన రెండో ఎన్నిక, గెలిచిన ఎన్నిక.

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు జవాబు. శాసనమండలి అసెంబ్లీ కాదు. అసెంబ్లీకి ఊరూరా జనమంతా ఓటేస్తారు. మండలికి అయిదు దారులున్నాయి. మూడో వంతు మందిని స్థానిక సంస్థల సభ్యులు, మరో మూడో వంతును ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. పన్నెండో వంతును పట్టభద్రులు, ఇంకో పన్నెండో వంతును ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన వాళ్లను గవర్నరు నామినేట్ చేస్తారు. వాళ్లు సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ వంటి రంగాల్లో అనుభవం ఉన్నవాళ్లు కావాలి. సభ్యుడి గడువు ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు దిగిపోతారు. అసెంబ్లీ రద్దయినా మండలి రద్దు కాదు. మొదటిసారి ఏర్పడినప్పుడు మాత్రం ఈ చక్రం తిరగాలి కాబట్టి కొందరికి రెండేళ్లు, కొందరికి నాలుగు, కొందరికి ఆరు వచ్చాయి. కాళోజీ 1958 నుంచి 1960 దాకా, రెండేళ్లే ఉన్నారు.

అధికారం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మండలి ప్రభుత్వాన్ని పడగొట్టలేదు. బడ్జెట్ బిల్లును 14 రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లును మొదట మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల ఆపగలదు, అంతే. అమెరికా రాష్ట్ర సెనేటర్లు కాదంటే బిల్లు అక్కడే ఆగిపోతుంది. మన ఎమ్మెల్సీకి ఆ బలం లేదు. మరి ఏముంది? ప్రశ్న అడిగే హక్కు ఉంది, మంత్రి లేచి జవాబు చెప్పాలి. అడిగిందీ చెప్పిందీ రికార్డు అవుతుంది. స్కాలర్‌షిప్ బకాయి మీద, మెస్ చార్జీల మీద హాస్టల్ పిల్లలు వేసే కేకలు గేటు దాటి పోవు. అదే సభలో ఒక సభ్యుడు అడిగితే కాగితం కదులుతుంది. ఊరు నుంచి వెళ్లగొట్టిన రాజ్యాన్నే నిలదీసిన మనిషికి, నిలదీయడమే పనిగా ఉన్న సభ సరిగ్గా సరిపోయిందని మాకు అనిపిస్తుంది. ఆ కాలంలోనే, 1957 నుంచి 1961 దాకా, ప్రభుత్వ గ్లాసరీ కమిటీలో కూడా ఆయన సభ్యుడు. ఆఫీసుల్లో వాడే మాటలకు తెలుగు మాటలు కూర్చే పని అది. పట్వారీ కాగితం చదువుకోలేక భూమి పోగొట్టుకున్నవాళ్లున్న ప్రాంతంలో ఇది చిన్న పని కాదు.

1960 తర్వాత ఆయన చట్టసభలో మళ్లీ కూర్చోలేదు. అడగడం మాత్రం మానలేదు. విశాలాంధ్ర కావాలన్న మనిషి, ఇచ్చిన హామీలు అమలు కావడం లేదని చూసి, 1969 ఉద్యమం నాటికి ప్రత్యేక తెలంగాణ వైపు నిలబడ్డారు. నిన్న ఒక మాట, నేడు ఒక మాట అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. నమ్మింది తప్పని తెలిశాక కూడా పట్టుకుని వేలాడేవాళ్ల కంటే, నలుగురిలో ఒప్పుకుని మారినవాడే మాకు నచ్చుతాడు. పదవి కోసం మారలేదు, మారినందుకు పదవీ రాలేదు.

మూడో ఎన్నిక గురించి రాయడమంటే మాకు ఎక్కువ ఇష్టం. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. రాష్ట్రంలో అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు. జైళ్లు నిండాయి. యువకులు ఎన్‌కౌంటర్లలో చనిపోయారని పత్రికల్లో వార్తలు వచ్చేవి. ఎమర్జెన్సీ పోయాక ఆ ఎన్‌కౌంటర్ల నిజానిజాలు తేల్చడానికి జస్టిస్ తార్కుండే నాయకత్వంలో వేసిన పౌర కమిటీలో కాళోజీ కూడా పనిచేశారు. ఆ తర్వాత 1978 ఫిబ్రవరిలో అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి. ముఖ్యమంత్రి ఖమ్మం జిల్లా సత్తుపల్లి నుంచి నిలబడ్డారు. కాళోజీ వరంగల్ వదిలి సత్తుపల్లికి పోయి ఆయన మీదే స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేశారు.

ఒక్కసారి ఊహించండి. వయసు 63 దాటింది. ఏ పార్టీ టికెట్టూ లేదు. ఊరు తనది కాదు, జిల్లా తనది కాదు. ఎదుట ఉన్నది సొంత గడ్డ మీద నిలబడ్డ ముఖ్యమంత్రి. ఓడిపోతానని ఆయనకు తెలియదనుకోవాలా? తెలిసే ఉంటుంది. 1952లో పార్టీ టికెట్ ఇచ్చి నిలబెడితే నిలబడ్డారు. 1978లో ఎవరూ నిలబెట్టలేదు, తానే పోయి నిలబడ్డారు. ఎమర్జెన్సీలో జరిగిన వాటి గురించి ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గంలో, ఎన్నికల వేళ, బహిరంగంగా అడగడానికి ఒక మనిషి కావాలి. బోర్డు మీద ఎవరో రాసిన పేర్లలో ఆ మనిషి లేడు, అందుకని తన పేరు తానే రాసుకున్నారు. ఓడిపోయారు. వరంగల్ తిరిగి వచ్చారు. మిత్రమండలి సమావేశాలకు మామూలుగానే పోయారు, కవిత్వం మామూలుగానే రాశారు. సభల్లో పేదవాళ్ల కష్టం చెబుతూ చెబుతూ అందరి ముందూ కన్నీళ్లు పెట్టుకునే అలవాటు కూడా పోలేదు.

1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో శాసనమండలి రద్దయింది. ఖర్చు ఎక్కువ, ఓడినవాళ్లకు ఆశ్రయం అని కారణాలు చెప్పారు. ఆ మాటలో నిజం లేకపోలేదు, టికెట్ దొరకనివాళ్లను బుజ్జగించడానికి మండలి సీట్లు పంచడం అన్ని పార్టీలకూ అలవాటే. కానీ కాళోజీ లాంటి మనిషి ఒక్క రెండేళ్లయినా చట్టసభలో కూర్చోగలిగింది కూడా ఆ దారిలోనే. రెండూ నిజమే, ఏది బరువో మాలో మాకే ఏకాభిప్రాయం లేదు.

1992లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. అప్పుడు ప్రధాని మన హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు, పాత మిత్రుడు. అదే ఏడు కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2002 నవంబరు 13న కాళోజీ కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. చితి లేదు, సమాధి లేదు, మెడిసిన్ చదివే పిల్లలకు పాఠంగా పోయారు. ఇప్పుడు వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే ఉంది. ఎంబీబీఎస్ పట్టా మీద ఆ పేరు చూసుకునే పిల్లల్లో సంక్షేమ హాస్టళ్ల నుంచి పోయినవాళ్లూ ఉంటున్నారు. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో మొదలైంది.

శాసనమండలి తిరిగి వచ్చింది 2007లో. ఆయన దాన్ని చూడలేదు. తెలంగాణ ఏర్పడ్డాక మన మండలికి 40 మంది సభ్యులు. అందులో వరంగల్, ఖమ్మం, నల్గొండ కలిపి ఒక పట్టభద్రుల స్థానం ఉంది. 2021 మార్చిలో ఆ స్థానానికి ఎన్నిక జరిగినప్పుడు 70 మందికి పైగా నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం దినపత్రిక పేజీ అంత ఉంది, లెక్కింపు నాలుగు రోజులు సాగింది. పోటీలో ఉన్నవాళ్లకు మనం ఇష్టప్రకారం 1, 2, 3 అని అంకెలు వేయాలి. అందరూ డిగ్రీ చదివినవాళ్లే, అయినా వేల ఓట్లు చెల్లలేదు. టిక్కు పెట్టినవాళ్లు కొందరు, పేరు రాసినవాళ్లు కొందరు. నవ్వొస్తుంది కానీ, మాలో ఒకడి ఓటు కూడా అలాగే పోయిందని తర్వాత ఒప్పుకున్నాడు.

డిగ్రీ పాసై మూడేళ్లు నిండిన పూర్వ విద్యార్థులకు ఆ ఓటు హక్కు ఉంటుంది. మామూలు ఓటరు జాబితాలో పేరుంటే చాలదు, ఫారం 18 నింపి వేరుగా చేరాలి. పాత జాబితాలో ఉన్నవాళ్లు కూడా ప్రతి ఎన్నికకూ కొత్తగా చేరాలి. ప్రస్తుత స్థానం గడువు 2027 మార్చిలో ముగుస్తుంది. డిగ్రీ సర్టిఫికెట్ జిరాక్సు మీద గెజిటెడ్ అధికారి సంతకం కావాలి. ట్రంకు పెట్టె అడుగున ఉన్న ఆ సర్టిఫికెట్ బయటికి తీయండి. వార్షికోత్సవం రోజు సాయంత్రం భోజనాల తర్వాత డైనింగ్ హాల్లో మేము ఫారాలు పెట్టుకుని కూర్చుంటాం, నింపడం రానివాళ్లకు దగ్గరుండి నింపిస్తాం. ప్రశ్న అడిగిన ఆ తమ్ముణ్ని కూడా అక్కడికే రమ్మన్నాం.